ముట్టు ఆగే వయసులో ఒంటి సెగలు, గడ్డం మీద వెంట్రుకలు: ఏది మామూలు, ఏది చూపించుకోవాలి

నలభై అయిదు దాటాక చాలామంది ఆడవాళ్లకు అద్దంలో ఒక కొత్త సంగతి కనబడుతుంది. గడ్డం కింద ఒకటో రెండో ముదురు వెంట్రుకలు, పై పెదవి మీద నల్లబడిన నూగు. దాదాపు అదే రోజుల్లో నెలసరి ముందూ వెనకా అవుతుంది. రాత్రిళ్లు ఒంట్లోంచి సెగ పుట్టి, చెమటతో మెలకువ వస్తుంది. సెగల గురించి అక్కచెల్లెళ్లతోనైనా చెప్పుకుంటారు. వెంట్రుకల సంగతి మాత్రం ఎవరికీ చెప్పరు. కొంగు చాటున, తలుపు చాటున తీసేసుకుంటారు.

ఈ రెండూ ఒకే మార్పు వల్ల వచ్చేవే. చాలావరకు ప్రమాదం లేనివి, తగ్గించుకోదగ్గవి. కొన్ని గుర్తులు మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాల్సినవి. అన్నిటినీ ఒకేలా దాచుకోవడం వల్ల ఆ తేడా తెలియకుండా పోతుంది. మామూలు దానికి లేజర్ సెంటర్లలో వేలు పోస్తున్నారు, చూపించుకోవాల్సిన దాన్ని నెలల తరబడి దాస్తున్నారు. ఆ తేడా ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలియాలి.

ముట్లుడగడం అంటే

మన పెద్దవాళ్లు ముట్లుడగడం అనేవారు. పుస్తకాల్లో రుతువిరతి అంటారు, డాక్టర్లు మెనోపాజ్ అంటారు. వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. పాశ్చాత్య దేశాల్లో ఇది సగటున 51 ఏళ్లకు వస్తుంది. మన దేశంలో అంతకంటే ముందే, 46, 47 ఏళ్ల దగ్గర వస్తుంది. 45 లోపు ఆగిపోతే త్వరగా వచ్చినట్టు. 40 లోపే ఆగిపోతే అది మామూలు మెనోపాజ్ కాదు, తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఆగిపోవడానికి ముందు కొన్నేళ్ల పాటు నెలసరి తప్పుతూ వస్తూ ఉంటుంది. సెగలు, నిద్ర పట్టకపోవడం, చిరాకు, మతిమరుపు, కీళ్ల నొప్పులు ఎక్కువగా మొదలయ్యేది అప్పుడే. ఇంట్లో వాళ్లకు ఇది తెలియక "ఈ మధ్య అమ్మకు కోపం ఎక్కువైంది" అనుకుంటారు.

పొగాకు అలవాటున్న వాళ్లకు ఈ కాలం ఇంకా ముందే వస్తుంది. పొగ తాగే ఆడవాళ్లకు ఒకటి రెండేళ్ల ముందే ముట్టు ఆగుతుంది, సెగలూ ఎక్కువగా ఉంటాయి. ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరపు ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లకు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట తాగే అడ్డపొగ అలవాటు ఉంది. దానివల్ల నోటి క్యాన్సర్ వస్తుందని చాలామందికి తెలుసు. ఎముకలు, గుండె కూడా దెబ్బతింటాయని తెలిసింది తక్కువమందికి.

గడ్డం మీద వెంట్రుక ఎందుకు ముదురుతుంది

ఆడవాళ్ల శరీరంలో ఈస్ట్రోజెన్‌తో పాటు మగ హార్మోన్లు కూడా కొద్దిగా ఉంటాయి. వాటిని ఆండ్రోజెన్లు అంటారు. అండాశయాలూ, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులూ వీటిని తయారుచేస్తాయి. ముట్టు ఆగే కాలంలో ఈస్ట్రోజెన్ గబగబా పడిపోతుంది. ఆండ్రోజెన్లు మాత్రం వయసుతో పాటు నెమ్మదిగా తగ్గుతాయి. ముట్టు ఆగిన తర్వాత కూడా అండాశయం కొంతకాలం వాటిని తయారుచేస్తూనే ఉంటుంది. అంటే మగ హార్మోను పెరగదు. దాన్ని అదుపులో పెట్టే ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, అంతే.

దానివల్ల ముఖం మీద చిన్నప్పటి నుంచీ ఉన్న నూగు కొన్నిచోట్ల ముదురు వెంట్రుకగా మారుతుంది. ముఖ్యంగా గడ్డం, పై పెదవి, దవడ పక్కన. అదే సమయంలో తల మీద జుట్టు పలచబడుతుంది. తల మీద రాలిపోతూ గడ్డం మీద రావడం వింతగా అనిపించినా రెండింటికీ కారణం ఒకటే. ఇందులో శుభ్రత లోపం లేదు, పాపపుణ్యాలు లేవు. అమ్మకో అత్తకో ఉంటే మనకూ వచ్చే అవకాశం ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు పీసీఓడీ ఉన్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువగా ఉంటుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

ఏళ్ల మీద నెమ్మదిగా వచ్చే నాలుగు వెంట్రుకలకు పరీక్షలు అక్కర్లేదు. కింద చెప్పినవి ఉంటే మాత్రం వారాల్లోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వెంట్రుకలు నెలల వ్యవధిలోనే గుబురుగా పెరిగి, ముఖంతో పాటు ఛాతీ, పొట్ట, వీపు మీదకూ పాకడం. గొంతు మొరటుగా మారడం. నుదుటి పైన మగవాళ్లలా బట్టతల రావడం. కండలు పెరగడం. యోని పైభాగంలోని మొన లాంటి భాగం పెద్దది కావడం. ఇవి అండాశయంలోనో అడ్రినల్ గ్రంథిలోనో ఆండ్రోజెన్ తయారుచేసే గడ్డ ఉందనడానికి గుర్తులు కావచ్చు. ఇది అరుదు. కానీ రక్తంలో టెస్టోస్టెరాన్ పరీక్ష, స్కానింగ్‌తో పట్టుకోవచ్చు, చాలాసార్లు ఆపరేషన్‌తో నయం చేయవచ్చు. వెంట్రుకలు తీసేసుకుంటూ గొంతు మారిన సంగతి పట్టించుకోకపోతే విలువైన కాలం పోతుంది.

ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట మీద ఊదా రంగు చారలు, కొత్తగా షుగరు, బీపీ రావడం వెంట్రుకలతో పాటు కనబడితే అది వేరే హార్మోన్ జబ్బు కావచ్చు. దాన్నీ చూపించాలి.

ముట్టు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే, ఒక్క చుక్కైనా సరే, పరీక్ష తప్పనిసరి. చాలాసార్లు కారణం చిన్నదే అయి ఉంటుంది. కొందరిలో అది గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు మొదటి గుర్తు. అప్పుడే వెళితే వైద్యం సులువు. "మళ్లీ ముట్టు వచ్చింది, మంచిదే" అని ఊరుకోకూడదు.

తీసుకునే పద్ధతులు, ఖర్చు పెట్టదగ్గవి

గొరిగితే వెంట్రుక ముదురుతుందన్న మాట మన ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. అది నిజం కాదు. బ్లేడు వెంట్రుకను మధ్యలో అడ్డంగా కోస్తుంది కాబట్టి మొలిచే కొస మొద్దుగా ఉండి గరుకుగా తగులుతుంది. వేరు మారదు, సంఖ్య పెరగదు. గొరిగితే ఎదుగుదల మారదని 1928లోనే పరిశోధన అచ్చయింది. ముఖానికి పనికొచ్చే చిన్న రేజర్‌తో తీసుకోవడం చవకైన, తేలికైన పద్ధతి. షుగరు ఉన్నవాళ్లు గాయం కాకుండా చూసుకోవాలి.

నాలుగైదు వెంట్రుకలే ఉంటే ప్లక్కర్‌తో పీక్కోవచ్చు. ఎక్కువ చోట పీకితే నల్లమచ్చలు, చీము పొక్కులు వస్తాయి. మన చర్మానికి మచ్చ త్వరగా పడుతుంది, ఆలస్యంగా పోతుంది. త్రెడింగ్ చేయించుకుంటే కొత్త దారం వాడమనండి. దారం కొసను నోట్లో పట్టుకోకుండా మెడకు కట్టుకుని చేయమని అడగడంలో తప్పు లేదు. త్రెడింగ్ వల్ల పులిపిర్లు ఒకరి నుంచి ఒకరికి అంటిన సందర్భాలున్నాయి. వ్యాక్స్ వయసు మీరిన పలచని చర్మాన్ని లేపేస్తుంది. మొటిమల మందు రాసుకుంటున్న వాళ్లు ముఖానికి వ్యాక్స్ వద్దు.

శనగపిండి, పసుపుతో నలుగు పెట్టుకుంటే సన్నని నూగు రాపిడికి రాలుతుంది. ముదురు వెంట్రుక దాంతో పోదు. గట్టిగా రుద్దితే చర్మమే గీసుకుపోతుంది.

లేజర్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. లేజర్ వెంట్రుకలోని నల్లరంగును వెతుక్కుని వేరును కాలుస్తుంది. తెల్ల వెంట్రుకలో ఆ రంగు ఉండదు కాబట్టి దాని మీద పనిచేయదు. మీ గడ్డం మీద ఉన్నవి తెల్లవైతే ఎన్ని వేల ప్యాకేజీ కట్టినా దండగ. నల్లవైతే ఆరు నుంచి ఎనిమిది సార్లు, నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో చేయించుకోవాలి. చామనచాయ, నల్లని చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మిగతా వాటికంటే భద్రం. తప్పుడు యంత్రం వాడితే కాలిన మచ్చలు మిగులుతాయి. హార్మోన్ మార్పు కొనసాగుతూ ఉంటుంది కాబట్టి వెంట్రుకలు బాగా తగ్గుతాయి, పూర్తిగా పోతాయన్న హామీని నమ్మకూడదు. కొద్దిమందికి లేజర్ చేసిన చోటి చుట్టూ కొత్తగా వెంట్రుకలు రావడం కూడా ఉంది. డబ్బు కట్టే ముందు అడగాల్సినవి మూడు: చర్మ వ్యాధుల డాక్టరు ఉన్నారా, ఏ లేజర్ వాడతారు, ముందు ఒక చిన్నచోట వేసి చూపిస్తారా. లేజర్ నడుస్తున్నంత కాలం పీకడం, త్రెడింగ్ ఆపేయాలి. వేరు లేకపోతే లేజర్‌కు పని ఉండదు. మధ్యలో గొరుక్కోవచ్చు.

తెల్ల వెంట్రుకలకు పనికొచ్చేది ఎలక్ట్రాలిసిస్. సన్నని సూదితో ఒక్కో వేరునూ కరెంటుతో చంపుతారు. నెమ్మదైన పని, కొంచెం నొప్పి. గడ్డం మీద పది పదిహేను తెల్లవి ఉన్నవాళ్లకు అదే సరైన దారి.

ఎఫ్లోర్నిథిన్ అనే పూత మందు ఎదుగుదలను నెమ్మదింపజేస్తుంది. ఉన్నవాటిని తీసేయదు. రోజూ రెండుసార్లు రాస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో తేడా తెలుస్తుంది, ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. ఇక స్పైరోనోలాక్టోన్ లాంటి మాత్రలు డాక్టరు చూసి రాయాల్సినవి. ఫలితానికి ఆరు నెలలు పడుతుంది. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వేసుకునే వాళ్లకు దీనితో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు. పక్కింటావిడ వాడుతున్నారని మందుల షాపులో అడిగి తెచ్చుకోకండి.

మంగు క్రీముతో వచ్చే గడ్డం

ఈ వయసులోనే చెంపల మీద మంగు వస్తుంది. దానికి షాపువాడు ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. మొదటి రెండు వారాలు ముఖం తేటపడుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, రాసినచోటే వెంట్రుకలు మొలుస్తాయి. స్టెరాయిడ్ పూతలు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో ఆదేశించినా అమ్మకాలు ఆగలేదు. ముఖానికి రాసే ఏ క్రీమైనా ట్యూబు మీది పేర్లు చదివించుకోండి. ఏళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా మానేయకుండా చర్మ వ్యాధుల డాక్టరుకు చూపించి తగ్గించుకోవాలి.

ఫిట్స్ మందు ఫెనిటాయిన్, తల జుట్టుకు రాసే మినాక్సిడిల్ కూడా ముఖం మీద వెంట్రుకలు తెస్తాయి. వాడే మందులన్నీ డాక్టరుకు చెప్పాలి.

సెగలు, చెమటలు, నిద్ర

మెదడులో శరీర వేడిని సరిచూసే చోటు ఈస్ట్రోజెన్ తగ్గేసరికి అతిగా స్పందిస్తుంది. కొద్దిపాటి వేడికే ఒళ్లు చల్లబరచాలని రక్తాన్ని చర్మం వైపు తోస్తుంది. అదే సెగ, ఆ వెనకాలే చెమట. ఒక్కో సెగ ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉంటుంది. కొందరికి ఏడాదిలో పోతుంది, చాలామందికి ఏడేళ్ల దాకా వస్తూ పోతూ ఉంటుంది.

నూలు బట్టలు, మంచం దగ్గర ఫ్యాను, పక్కన చల్లని నీళ్లు, సాయంత్రం తర్వాత కాఫీ మానడం, కారం తగ్గించడం, ఒంటి బరువు తగ్గడం కొంత ఊరటనిస్తాయి. వీటితో తట్టుకోలేకపోతే మందులున్నాయి. గుండె దడ, బరువు తగ్గడం, చేతులు వణకడం కూడా ఉంటే ముందు థైరాయిడ్ చూపించుకోవాలి. ఆ జబ్బు కూడా ఇలాగే కనబడుతుంది.

సెగలకు అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోన్ వైద్యం. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం తర్వాత దీనంటే అందరికీ భయం పట్టుకుంది. తర్వాత అవే లెక్కలను వయసుల వారీగా చూస్తే, 60 ఏళ్లలోపు లేదా ముట్టు ఆగి పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువని తేలింది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ కూడా ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇవ్వరు. వాళ్లకు వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటి హార్మోన్ లేని మందులున్నాయి.

ముఖం మీద వెంట్రుకలున్న సంగతి హార్మోన్ వైద్యానికి ముందే చెప్పాలి. టిబోలోన్ అనే మాత్రకు కొద్దిగా మగ హార్మోన్ గుణం ఉంది, దానితో వెంట్రుకలు పెరగవచ్చు. అది తెలిస్తే డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు.

చెప్పుకోలేక భరించేది ఇంకొకటి ఉంది. యోని పొడిబారడం, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట. సెగల్లా ఇది వాటంతటదే తగ్గదు. లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము తక్కువ మోతాదుతోనే బాగా పనిచేస్తుంది.

కంటికి కనబడని నష్టం

సెగా వెంట్రుకా కనబడతాయి. ఎముక అరగడం కనబడదు. ముట్టు ఆగిన మొదటి అయిదారేళ్లలో ఎముక వేగంగా పలచబడుతుంది. రోజుకు 1,000 నుంచి 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాములు, ఒక గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. కోలారు, హోసూరు వైపు మనవాళ్ల ఇళ్లలో రాగి సంగటి ఇంకా పోలేదు. పోయిన ఇళ్లలో మళ్లీ పొయ్యి మీదికి రావాలి. నువ్వులు, మునగాకు, పెరుగు, ముళ్లతో తినే చిన్న చేపలు కూడా మంచివి. రోజూ కాసేపు ఎండలో నడవాలి. షోలాపూర్ బీడీ పనిలో ఉన్న అక్కల్లా పగలంతా కూర్చుని చేసే పనైతే, గంటకోసారి లేచి తిరగడం, కాళ్లకు చేతులకు బరువు పడే పని చేయడం ఇంకా అవసరం.

గర్భసంచి తీయించే ముందు

ముట్టు సరిగా రావడం లేదని, ఎక్కువ పోతోందని గర్భసంచి తీయించేసుకోవడం తెలుగు ప్రాంతాల్లో మామూలైపోయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ అయిన ఆడవాళ్ల శాతం ఎక్కువగా కనబడేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. మహారాష్ట్రలో బీడ్ జిల్లా చెరకు కోత కూలీల సంగతి 2019లో బయటపడింది. అవసరం లేని ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

మన కుటుంబాల్లో చాలామంది ఆపరేషన్ అనగానే పుట్టింటి వైపు ఊరికి వెళతారు. వెళ్లే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మందులతో గానీ, లోపల పెట్టే హార్మోన్ లూప్‌తో గానీ కుదరదా? తీయక తప్పకపోతే అండాశయాలు ఉంచుతారా? రెండు అండాశయాలూ తీసేస్తే కొన్నేళ్ల మీద రావాల్సిన మార్పు ఒక్క రోజులో వస్తుంది. సెగలు తీవ్రంగా ఉంటాయి, ఎముకా గుండే ముందే దెబ్బతింటాయి. క్యాన్సర్ లాంటి కారణం ఉంటే తీయాల్సిందే. ఏ కారణమూ చెప్పకుండా "ఎలాగూ పనిలేదు కదా" అంటే ఇంకొక డాక్టరును అడగండి.

డాక్టరుకు చెప్పడం ఎలా

తెలుగులో చుబుకానికీ, మగవాళ్లు పెంచుకునే దానికీ గడ్డం అనే ఒక్కటే మాట. కన్నడంలోనూ అంతే. అందుకే "నాకు గడ్డం వస్తోంది" అనడానికి నోరు రాదు. పైగా తమిళమో మరాఠీయో మాట్లాడే డాక్టరు ముందు, పక్కన దుబాసీగా ఉండేది కొడుకో మనవడో. వాళ్ల ముందు ముట్టు సంగతి చెప్పలేక "నీరసంగా ఉంది" అని ఊరుకుంటారు. బలం మాత్రలతో తిరిగొస్తారు. యానాంలో భాష అడ్డు లేకపోయినా ఈ సిగ్గు అక్కడా ఉంది.

కూతురినో కోడలినో తీసుకెళ్లండి. ఎవరూ లేకపోతే ఈ రెండు మాటలు చాలు. తమిళంలో "మాదవిడాయ్ నిన్ను పోచ్చు, ముగత్తుల ముడి వళరుదు". కన్నడంలో "ముట్టు నింతిదె, గడ్డద మేలె కూదలు బరుత్తిదె". మరాఠీలో "పాళీ బంద్ ఝాలీ, చెహర్‌యావర్ కేస్ యేతాత్". ఒడియాలో "మాసిక బంద హోఇ జాఇఛి, ముహఁరే లోమ బాహారుఛి". మెనోపాజ్ అన్న మాట ఏ రాష్ట్రంలోనైనా డాక్టరుకు తెలుస్తుంది.

వెళ్లే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: చివరిసారి ముట్టు ఎప్పుడు వచ్చింది, రోజుకు ఎన్ని సెగలు, వెంట్రుకలు ఎప్పటి నుంచి, ఎంత వేగంగా, గొంతు మారిందా, ఏ మందులు, ఏ క్రీములు వాడుతున్నారు. వెళ్లే రోజుకు వారం పది రోజుల ముందు నుంచి వెంట్రుకలు తీయకుండా ఉంటే డాక్టరుకు సరిగా కనబడుతుంది. దగ్గర్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంలో బీపీ, షుగరుతో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ పరీక్షలు 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఉచితంగా చేస్తారు. అదే రోజు అవీ చేయించుకోవచ్చు.

ఇంట్లో మగవాళ్లకూ ఒక మాట. రాత్రి ఫ్యాను పెంచితే విసుక్కోకండి, మీసాల మీద వేళాకోళం చేయకండి. ఆ నవ్వుకు భయపడే ఆవిడ తలుపు వేసుకుంటుంది, గొంతు మారినా రక్తం కనబడినా చెప్పదు. ముట్టు ఆగాక మన ఆడవాళ్లకు ఇంకా ఇరవై ముప్ఫై ఏళ్ల జీవితం ఉంటుంది. ఆ ఏళ్లు ఆరోగ్యంగా గడవాలంటే ఇంట్లో ఈ సంగతి మామూలు సంగతిలా మాట్లాడుకోగలగాలి.